దేవుని పడుగు

కిందటి వారం సరోజనను మనం చేనేత సంఘం వాకిట్లో, చేతిలో హారతి పళ్ళెంతో వదిలేసి వచ్చాం. పాపం, ఆ పళ్ళెం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. కర్పూరం మాత్రం ఆరిపోయింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవారికి ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం. మూడో ప్రణాళికలో ఈ ప్రాంతపు నేతగాళ్ళకు ఒక పడుగు కార్ఖానా ఇద్దామని సర్కారు తలపెట్టింది. పడుగంటే మగ్గం మీద నిలువునా సాగే పోగులు; ఆ నూలుకు యంత్రం మీద గంజి పట్టించి, పోగు గట్టిచేసి, చుట్టి ఇచ్చే కార్ఖానా అది. అది వస్తే మగ్గం మీద పోగులు తెగవు. కరెంటు మగ్గాలు, సిరిసిల్లలో సాంచాలంటారు వాటిని, ఊళ్ళోనే నడుస్తాయి. మగవాళ్ళు బొంబాయి దగ్గరి భీవండి పోయి పరాయి షెడ్లలో పడి ఉండే బాధ తప్పుతుంది. అయితే ఇచ్చేది ఒక్క ఊరికే. ఏ ఊరికివ్వాలో కొలిచి చెప్పమని సర్కారు జాతీయ ఇంజనీరింగ్ పరిషత్తును అడిగింది. దేశంలోని పేరున్న ఇంజనీర్లంతా చేరిన సభ అది. ఆ పరిషత్తు మనుషులు వచ్చి, ఈ ఊరి సాలెవాడలో కొన్ని ఇళ్ళ మగ్గాల పక్కన గడియారాలు పట్టుకుని వారం పాటు కూర్చున్నారు. వాళ్ళలో చిన్నవాడు సిద్దిరాములు. సరోజన తోడబుట్టినవాడు.

ఇవాళ పొద్దున పరిషత్తు పెద్ద, ఆచార్య రామచంద్రం గారు సంఘంలో నిలబడి ఏం తేల్చారో చెప్పారు. "మీ మగ్గాలు చూసి మా కడుపు నిండింది. ఇంత బలమైన పడుగు మేం ఏ ఊళ్ళోనూ చూడలేదు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. "కనుక మీకు ఆ కార్ఖానా అవసరం లేదు. అవసరమున్న మరో ఊరికి సిఫారసు చేస్తున్నాం" అన్నారు. కొట్టే చేతులు వెంటనే ఆగలేదు. మాట చెవిలోంచి మనసులోకి దిగడానికి కొంతసేపు పట్టింది. దిగాక చేతులు ఒక్కొక్కటే కిందికి జారాయి.

సరోజన ఇంటికి వచ్చేసరికి భర్త రాజలింగు అటక మీది ఇనుప పెట్టె దించి దుమ్ము తుడుస్తున్నాడు. పోయినసారి అది భీవండి నుంచి తిరిగివచ్చినప్పుడు దాంతో పాటు ఒక దగ్గు కూడా వచ్చింది. షెడ్డులో ఎగిరే నూలు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నాడు డాక్టరు. మళ్ళీ ఆ గాలి పీల్చవద్దన్నాడు. వానాకాలమంతా రాజలింగు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. అటువంటి మనిషి ఇప్పుడు చొక్కాలు మడతపెడుతున్నాడు.

"గిదేంది? ఎక్కడికని?" అంది సరోజన, తెలిసి కూడా.

"ఇంకెక్కడికి? రేపు పొద్దుగాల కామారెడ్డి బస్సు. ఆడికెల్లి రైలు. కార్ఖానా వస్తదంటే ఇన్నొద్దులు ఆగిన. ఇగ ఏం జూసుకోని ఆగాలె?"

"డాక్టర్ ఏమన్నడో యాదికున్నదా?"

"డాక్టర్ బువ్వ వెడ్తడా?" అని దగ్గాడు రాజలింగు.

మూలన కూర్చుని నూలు కండెలు చుడుతున్న అత్త శంకరవ్వ అందుకుంది. ముసలమ్మకు దుఃఖం వచ్చినా కోపంలాగే వినిపిస్తుంది.

"దేవుని పడుగు తీస్కపోయి సార్లకు జూపెట్టిరి. ఇంత మంచి పడుగు నేసెటోళ్లకు కార్ఖానా ఎందుకంటరు గాదు? పెండ్లిచూపులకని సుట్టాలింటి నగలు వెట్టుకోని కూసుంటే, వచ్చినోళ్లు ఈళ్లకేం తక్కువ అనుకోరా? ఇగ మార్కండేయునికి ఈ యేడు సెల్ల గూడ లేదు."

ఆ వాడ ఆచారం ఒకటి చెప్పాలి. మాఘమాసంలో తమ కులదైవం మార్కండేయుని జయంతికి స్వామికి కొత్త సెల్లా, అంటే పైబట్ట, కప్పుతారు. దాని కోసం సాలెవాడలో ప్రతి ఇల్లూ తన దగ్గరున్న నూలులో మేలైనది తీసి ఇస్తుంది. తెల్లవారుజామున వీధి పొడవునా ఆ పడుగు చాపి, ఇంటికొకరు చొప్పున వచ్చి, పాడుకుంటూ గంజి పట్టిస్తారు. ఆ పడుగు మీద పోగు తెగడమంటే అపశకునం కిందే లెక్క, అందుకే తెగనివ్వరు. రోజూ నేతకు సంఘం ఇచ్చే నూలుకూ దానికీ ఏ పోలికా లేదు. సంఘం నూలు సంగతి వేరు. జానెడు నేసేలోపే ఎక్కడో ఒకచోట పుటుక్కుమంటుంది. నేత ఆపి, వంగి, పోగు అతికి, మళ్ళీ మొదలుపెట్టాలి. రాజలింగు జీవితంలో సగం ఆ వంగడంలోనే పోయింది.

పరిషత్తువాళ్ళు వస్తున్నారనగానే వాడంతా కలిసి ఈ యేటి సెల్లా కోసం తీసిన దేవుని నూలు పంచుకుని మగ్గాలకెక్కించింది. ఇంటికొచ్చిన పెద్దమనుషులకు చిరిగిన చాప వేస్తామా అని ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది సరోజనే. పెద్దలు మెచ్చుకుంటే కార్ఖానా ఇస్తారని ఆ వాడలో ఎవరికీ అనుమానం లేదు. వాళ్ళు మెచ్చుకోవడానికి రాలేదనీ, బాధ ఎంతుందో కొలవడానికి వచ్చారనీ ఎవరూ చెప్పలేదు.

ఎవరూ అంటే? సరోజన చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. దేవుని నూలు ఎక్కించమన్న ఆలోచన ఆమెది కాదు. వాళ్ళు రావడానికి కొన్నాళ్ళ ముందు సిద్దిరాములు చాటుగా ఇంటికొచ్చి, అన్నం తింటూ చెప్పిన మాట అది. "నా పేరు జెప్పకక్కా, నువ్వే అన్నట్టు జెయ్" అని కూడా అన్నాడు. కొలిచేవాళ్ళలో ఒకడైన వాడికి, ఏం కొలుస్తున్నారో తెలియకుండా ఉంటుందా?

"నేనిప్పుడే వస్త. గా పెట్టె జర ఆడనే ఉంచు" అని భర్తతో చెప్పి, సరోజన కొంగు తలమీదికి లాక్కుని పరిషత్తువాళ్ళు దిగిన డాకు బంగళా వైపు నడిచింది. దారి పొడవునా తమ్ముణ్ణి వెనకేసుకుంటూనే నడిచింది. చదువుకున్నోడే గానీ చిన్నోడు, వాడికీ తెలిసి ఉండదు, పెద్ద సార్లు వాడికి అన్నీ చెప్తారా ఏంటి అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ప్రేమ ఉన్నచోట మనిషి ఎంత మంచి వకీలో చూడండి.

బంగళా వెనక వరండాలో సిద్దిరాములు గడియారాలను గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దుతున్నాడు. అక్కను చూడగానే లేచి, ముందు లోపలి గది తలుపు వైపు చూశాడు.

"ఇక్కడికెందుకొచ్చినవక్కా? సార్ లోపలున్నడు. మెల్లగ మాట్లాడు."

ఆ భయానికి కారణముంది. చుట్టాలున్న ఊళ్ళో కొలతకు కూర్చోరాదని పరిషత్తు నియమం. తల్లి పోయాక సిద్దిరాములు ఈ అక్క ఇంట్లోనే పెరిగాడు. కానీ పరిషత్తులో మాత్రం తన ఊరు కరీంనగర్ అవతల ఎక్కడో అని చెప్పుకున్నాడు. "నేను మీవోన్నని బయటవడితే నన్ను పంపరు, నేనుంటేనే మనకు మేలు" అని వాడకంతా నచ్చజెప్పాడు. వాడ సంబరంగా ఒప్పుకుంది. వారం పాటు శంకరవ్వ వాణ్ణి "సార్" అని పిలిచి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. మొన్నటిదాకా చెడ్డీ వేసుకుని తిరిగినవాడికి మంచినీళ్ళు ఇచ్చేటప్పుడు రాజలింగు లేచి నిలబడ్డాడు. అదంతా వాళ్ళకు ఒక ఆట, ఒక గర్వం.

"మెల్లగనే అడుగుత," అంది సరోజన. "మీ సార్లు జూసేది మగ్గం ఎంత మంచిగ నడుస్తదని గాదట. ఎంత సతాయిస్తదని అట. గది నీకు ముందుగాలనే ఎరుకనా?"

సిద్దిరాములు చేతిలోని గడియారాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

"చెప్పురా."

"ఎరుకే."

తెలియదంటాడనుకుంది. తెలియదని అబద్ధమాడినా నమ్మడానికి సిద్ధపడే వచ్చింది.

"ఎరుకై గూడ దేవుని నూలు ఎక్కించుమన్నవా? మీ బావ ఆడ పెట్టె సదురుతున్నడు. గా దగ్గుతోని భీవండి వోతే మల్ల మనిషి వస్తడో, మనిషి పోయిండన్న టెలిగ్రామే వస్తదో. గిదంతా ఎరుకై జేసినవా?"

"గింతదాక వస్తదనుకోలేదక్కా." వాడు గడియారాన్ని పెట్టెలో పెట్టాడు. "ఇంతకుముందు వేరే ఊర్లె కూసున్నం. ఒక పెద్దమనిషి మగ్గం. పోగు తెగుతుంటది, అతుకుతుంటడు, మల్ల తెగుతది. చెమటలు గారుతున్నయి ఆయనకు. బయటికొచ్చినంక మావోళ్లు నవ్విండ్రు. ఈయనకు అసలు నేత వచ్చునా అన్నరు. వాళ్లతోని నేను గూడ నవ్విన. మా బావను జూసి గట్ల నవ్వుతే నేనోర్వలేననిపించింది."

"మీ బావ ఇజ్జత్ కోసమా?"

వాడు మళ్ళీ గడియారాల మీదికి వంగాడు.

"నా కండ్లల్లకు జూసి చెప్పు. మీ బావ ఇజ్జత్ కోసమా, నీ ఇజ్జత్ కోసమా?"

"నాదే," అన్నాడు చివరికి. "నేను సాలోళ్ల పిలగాన్నని ఎప్పటికన్న వాళ్లకు తెలుస్తది. తెలిసిననాడు గీ ఇల్లు యాదికొస్తే, పోగులు తెగే ఇల్లు యాదికి రావద్దనుకున్న. మొదటిరోజు సార్ మెచ్చుకున్నడు. నాకు మస్తు సంతోషమైంది. తెల్లారి చెప్దామనుకున్న. తెల్లారి ఇంకింత మెచ్చుకున్నడు. ఇగ నోరు రాలేదు."

సరోజనకు కోపం రావలసింది. వచ్చింది కూడా. వీణ్ణి పట్నంలో చదివించడానికి ఆమె చుట్టిన కండెలు, అమ్ముకున్న కడియాలు, అన్నీ నోటిదాకా వచ్చాయి. అన్నిటినీ మింగేసింది. పెట్టిన అన్నం ఎత్తి చూపే మనిషి కాదు సరోజన. కానీ లోపల మాత్రం ఏదో తెగిన సంగతి ఆమెకు తెలిసింది. ఏ చేతుల కష్టంతో చదువుకున్నాడో ఆ చేతుల్ని చూసుకునే సిగ్గుపడ్డాడు వీడు. ఆ సిగ్గు కోసం ఒక వాడను అమ్మేశాడు.

"సరే, అయిందేందో అయింది," అంది కళ్ళు తుడుచుకుని. "లోపలికి పోదాం పా. ఇంటికొచ్చిన పెద్దమనుషులని, తెల్వక మంచి పడుగు ఏసినం సార్, మల్లొక్కపారి మా రోజు పడుగు జూడుండ్రి అని కాళ్లు మొక్కుత. నేనే ఏయించిన అని చెప్త. వాడంతా నన్నే అంటది, అననియ్యి. నువ్వు పక్కన నిలవడు, గంతే."

సిద్దిరాములు ముఖం తేటపడింది. "నిజంగ నా పేరు తియ్యవుగద అక్కా?"

అంతసేపూ వాడు అన్న మాటల్లో ఆమెను అన్నిటికన్నా నొప్పించింది ఇదే. బావ దగ్గు గురించి ఒక్క మాట అడగలేదు. "తియ్యను" అంది సరోజన.

లోపల రామచంద్రం గారు మేజా ముందు కూర్చుని ఉన్నారు. ఎదురుగా సంఘం అధ్యక్షుడు దశరథం చేతులు కట్టుకుని నిలబడి, కార్ఖానా గురించి అప్పటికే బతిమాలుతున్నాడు. సిద్దిరాములు పోయి మేజా పక్కన నిలబడ్డాడు; సరోజన గడపలోనే నిలబడి చెప్పవలసింది చెప్పింది. దేవుని సెల్లా సంగతి, పంచుకున్న నూలు సంగతి, రోజువారీ పడుగు ఎట్లా తెగుతుందో ఆ సంగతి. తమ్ముడి పేరు ఎక్కడా రానివ్వలేదు. చెప్తున్నంతసేపూ ఆచార్యుడి కనుబొమలు దగ్గరవుతూ వచ్చాయి.

"అంటే మేం వారం రోజులు కొలిచింది మీ కష్టాన్ని కాదు, మీ భక్తిని అన్నమాట," అన్నారాయన. కోపం కన్నా బాధే ఎక్కువ ఉంది ఆ గొంతులో. "చూడమ్మా, మా పరిషత్తుకు సర్కారు మీద అధికారమేమీ లేదు. మా దగ్గరున్నది ఒక్క మాట. వీళ్ళు కొలిచి చెప్తారు, తమకోసం చెప్పరు అన్న నమ్మకంతో ఢిల్లీ ఆ మాట వింటుంది. మేం తప్పు కొలిస్తే అక్కర్లేని ఊళ్ళో కార్ఖానా లేస్తుంది, కావలసిన ఊళ్ళో మనుషులు మూటలు కడతారు."

"కడుతున్నరు సార్," అంది సరోజన. "మా ఇంట్ల ఇప్పుడే కడుతున్నరు."

ఆయన ముందున్న కాగితాలు పక్కకు జరిపారు. తర్వాత, "తెలియక జరిగితే ఇందులో మీ తప్పు లేదు. రేపే మళ్ళీ కూర్చుంటాను. మీ మామూలు పడుగు పక్కన నేనే కూర్చుంటాను" అన్నారు.

దశరథం "మీ కడుపు సల్లగుండ సార్" అని దండం పెట్టాడు. రాజలింగు పెట్టె మళ్ళీ అటకెక్కినట్టే అనుకుంది సరోజన.

అంతలో రామచంద్రం గారు ఏదో తట్టినట్టు తలెత్తారు. "ఉండండి. మగ్గం మీదున్నది రోజువారీ నూలేనా కాదా అని ప్రతి ఇంట్లో ముందుగా అడిగి తేల్చుకోవడం మా పద్ధతి. సిద్దిరాములూ, ఈ ఊళ్ళో ఆ పని నీది. నువ్వు అడగలేదా?"

గది గోడలు దగ్గరికి జరిగినట్టయింది సిద్దిరాములుకు. అడగలేదంటే ఉద్యోగం పోతుంది. అడిగానంటే? వాడు అక్క వైపు చూడలేదు. చూసి ఉంటే ఆ మాట నోట వచ్చేది కాదేమో.

"అడిగాను సార్," అన్నాడు, నేర్చుకున్న పట్నం తెలుగులో. "ఈవిడనే అడిగాను. రోజూ నేసే సంఘం నూలేనని గట్టిగా చెప్పారు. అన్ని ఇళ్ళలోనూ అదే మాట చెప్పించారు. కావాలనే మనల్ని మోసం చేశారు సార్."

సరోజన విన్నది. వినపడింది గానీ నమ్మకం కుదరలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే తన కొంగు పట్టుకుని తప్ప నిద్రపోనివాడి నోట్లోంచి వచ్చిన మాటేనా ఇది? తప్పు నెత్తినేసుకుంటానని తనంతట తాను వస్తే, ఆ తప్పుకు మోసమని పేరు పెట్టి అప్పగించాడు.

రామచంద్రం గారి ముఖం మారిపోయింది. "తెలియక చేయడం వేరు, అడిగితే అబద్ధమాడడం వేరు. పరిషత్తుతో అబద్ధమాడిన ఊరిని పరిశీలన నుంచి తీసేయాలి. అది నా ఇష్టాయిష్టాల మీద లేదు. ఇప్పుడే కాదు, ముందు ముందు ఏ పథకానికీ ఈ ఊరి పేరు మేం పలకలేం."

"అయ్యో సార్, గట్లనకుండ్రి," అని దశరథం ఏడుపు గొంతుతో సరోజన మీదికి తిరిగాడు. "ఏందిది సరోజనా? ఊరంత ఆగమైతుంది. అబద్ధం చెప్పినవా నువ్వు?"

ఆయనకు కూడా సిద్దిరాములు ఎవరో తెలుసు. వాడకంతా తెలుసు. తెలిసి, ఇచ్చిన మాటకు కట్టుబడి అక్కాతమ్ముళ్ళను మార్చి మార్చి చూస్తున్నాడు.

"చెప్పండమ్మా," అన్నారు రామచంద్రం గారు. "ఈ అబ్బాయి మిమ్మల్ని అడిగాడా? మీరు అబద్ధం చెప్పారా?"

అవునంటే తమ్ముడు బతుకుతాడు. ఊరి పేరు పోతుంది, పొద్దున్నే పెట్టె కామారెడ్డి బస్సెక్కుతుంది. కాదంటే తను పెంచిన చెట్టును తనే నరుక్కున్నట్టు. పేరు తీయనని ఇప్పుడే వరండాలో మాటిచ్చింది. ఆ మాట ఇచ్చింది తమ్ముడికి. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డవాడు ఎవరో ఆమెకు తెలియడం లేదు.

సరోజన తలమీది కొంగు సర్దుకుని గడప దాటి లోపలికి వచ్చింది. సిద్దిరాములుకు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నిలబడింది. వాడి చెంప మీద కొట్టబోతోందేమోనని దశరథం ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె కొట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నువ్వు చెప్తవా తమ్మీ, నన్నే చెప్పుమంటవా? ఎవలు చెప్పినా ఒకటే. ఇద్దరం ఒక్క తల్లి పాలు తాగినోళ్లమే గద."

రామచంద్రం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఒకసారి సరోజనను చూశారు. ఒకసారి సిద్దిరాములును చూశారు. అవే కళ్ళు, అదే గడ్డం. వారం రోజులుగా తన కళ్ళ ముందే ఉన్న పోలికను ఆయన ఇప్పుడే చూస్తున్నారు.

"సిద్దిరాములూ," అన్నారు మెల్లగా, "ఈమె నీకేమవుతుంది?"